చదివాను, అర్థం కాలేదు

ఆయన నోట్‌బుక్ నా టేబుల్ మీదికి వచ్చి తొమ్మిది రోజులైంది. మా కంపెనీలో కాగితాలన్నీ చూసుకునే ఆవిడ తెచ్చిపెట్టింది. నల్ల అట్ట, అరిగిన మూలలు, చివరి పేజీకి ఒక నారింజ రంగు చీటీ. అక్కడ నేను సాక్షి సంతకం చెయ్యాలి. ల్యాబ్‌లో ఎవరు ఏ ప్రయోగం చేసినా, రాసిన పేజీ అడుగున 'చదివాను, అర్థమైంది' అన్న అచ్చు వాక్యం పక్కన ఇంకొకరు సంతకం పెట్టాలి. మనిషి పోయాక కూడా రూలు రూలే. జస్ట్ ఫార్మాలిటీ, ఖాళీ గళ్ళకి అడ్డంగా గీత కొట్టి సంతకం చేసి ఇచ్చెయ్యమంది ఆవిడ.

ఆ పేజీలో రెండు గళ్ళు ఖాళీ. నలభై ఎనిమిది గంటలది ఒకటి, డెబ్భై రెండు గంటలది ఒకటి. అవి ఖాళీగా ఉండటానికి కారణం నేను. అవి నిండేదాకా సంతకం పెట్టకూడదని ఆ రోజే అనుకున్నాను. పసుపు చీటీ తీసి, 'చదివాను, అర్థం కాలేదు' అని పెన్సిల్‌తో రాసి ఆ పేజీకి అంటించాను. ఆ మాట నాది కాదు, ఆయనది.

ఆయన చెవి మీద ఎప్పుడూ ఒక పొట్టి పెన్సిల్ ఉండేది. నోట్‌బుక్‌లో పెన్సిల్ వాడకూడదని కాగితాల ఆవిడ ఒకసారి గట్టిగా చెప్పిందట. అప్పట్నించి పసుపు చీటీల మీద రాసేవాడు. నేను చేరిన మొదటి మూడు నెలల్లో నా పేజీలకి అలాంటి చీటీలు ఎన్ని అంటించాడో లెక్క లేదు. ప్రతి దాని మీదా అదే ముక్క. ఏం అర్థం కాలేదో రాయడు. వెళ్ళి అడగాలి. అడిగితే పేజీ నా వైపు తిప్పి, 'నువ్వే చదువు' అంటాడు. సగం చదివేసరికి తప్పు నాకే కనపడేది. అప్పుడు వచ్చే కోపం ఉంది చూశారూ, అది తప్పు కనపడనప్పుడు వచ్చే కోపం కన్నా ఎక్కువ.

నాకు కోపం ఎక్కువే. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సులు, ఆటోల మధ్య అరిచి మాట్లాడటం నేర్చుకున్నదాన్ని. ఎంఎస్ అయిపోయాక అమెరికాలోనే క్యారీ అనే ఊరొచ్చి ఈ ల్యాబ్‌లో చేరాను. ఇక్కడ ఎవరూ హారన్ కొట్టరు, ఎవరూ గొంతు పెంచరు. మొదటి రోజు ఈ నిశ్శబ్దంలో ఒక తెలుగు ముఖం కనపడగానే ప్రాణం లేచొచ్చి 'అంకుల్' అన్నాను. ఆయన కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"అంకుల్ ఏంటమ్మా, నేనేమన్నా మీ నాన్నగారి ఫ్రెండునా? పేరు పెట్టి పిలువు. ఇక్కడందరూ అంతే."

మా నాన్న కన్నా పెద్దాయన్ని పేరు పెట్టి ఎలా పిలుస్తాను? సార్ అంటే పలకడు. అందుకని రెండేళ్ళూ 'ఇదిగో వింటున్నారా', 'ఒక్క నిమిషం' అంటూ నెట్టుకొచ్చాను. ఈ రాతలో కూడా ఆయన 'ఆయనే'.

అదే రోజు, అదే ఊపిరిలో ఇంకో మూడు సంగతులు చెప్పాడు. తనకి మైలోమా ఉంది, అంటే ఎముక మూలుగలో పుట్టే కాన్సర్. మంగళవారం మధ్యాహ్నం ఇంజెక్షన్ కోసం వెళ్తాడు, ఆ పూట దొరకడు. ఫ్రిజ్‌లో రెండో అరలో ఉన్న స్టీలు డబ్బా తన పెరుగన్నం, ముట్టుకోవద్దు. మూడూ ఒకే గొంతుతో చెప్పాడు. దేనికి మొహం ఎలా పెట్టాలో తెలియక పెరుగన్నానికే తలూపాను.

మా పని గురించి ఆయన చెప్పినంత తేలిగ్గా ఇంకెవరూ చెప్పలేదు. ప్రతి కణంలోనూ ఒక చెత్తబండి ఉంటుంది. పాడైపోయిన ప్రొటీన్లకి కణం ఒక చీటీ అంటిస్తుంది. చీటీ ఉన్నదాన్ని బండి లోపలికి లాక్కుని ముక్కలు ముక్కలు చేసేస్తుంది. మైలోమా కణాలు విపరీతంగా ప్రొటీన్ తయారుచేస్తాయి కాబట్టి వాటి చెత్త కూడా విపరీతమే. ఆయన తీసుకునే ఇంజెక్షన్ ఆ బండిని ఆపేస్తుంది, కణం తన చెత్తలో తనే ఊపిరాడక చస్తుంది. మా కంపెనీ చేసేది దీనికి తలకిందులు. కాన్సర్‌ని పెంచే ఒక్క ప్రొటీన్‌కి మందుతో చీటీ అంటింపజేస్తే, బండి వచ్చి దాన్ని మాత్రమే ఎత్తుకుపోతుంది.

"సోమవారం బండి తోలతాను, మంగళవారం బండి ఆపించుకుంటాను. డ్రైవర్‌కి నా మీద డౌటొస్తుంది," అనేవాడు.

ఆ పోవలసిన ప్రొటీన్‌ని ఆయన 'వాడు' అనేవాడు. కణాల్ని నలగ్గొట్టి, అందులోని ప్రొటీన్లని ఒక పల్చటి పొర మీదికి ఎక్కించి ఫొటో తీస్తే, ప్రతి ప్రొటీన్ ఒక నల్ల గీతలా కనపడుతుంది. దాన్ని బ్లాట్ అంటాం. గీత మాయమైతే మందు పనిచేసినట్టు. నేను గీత పోయిందని ఎగురుకుంటూ వెళ్తే, ఆయన మొట్టమొదట అడిగేది పక్కింటివాడి గురించి. అంటే మందుకి ఏ సంబంధం లేని, ఎప్పుడూ ఉండాల్సిన ఇంకో ప్రొటీన్ గీత. ఇంట్లో వాడూ పోయి, పక్కింటివాడూ పోతే అది మందు కాదట, భూకంపమట.

ఇంజెక్షన్ల వల్ల ఆయన వేళ్ళ చివర్లూ అరికాళ్ళూ మొద్దుబారాయి. చిన్న ట్యూబు మూత పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలియదు. అందుకని ప్రతి ట్యూబునీ వెలుతురుకెత్తి చూసేవాడు, వేళ్ళు చెప్పని సంగతి కళ్ళు చెప్తాయేమోనన్నట్టు. ఎక్కువ భాగం చెవులతోనే పనిచేసేవాడు. నేను నాలుగు అడుగుల దూరంలో, ద్రవాన్ని కొలిచి పోసే పిపెట్ నొక్కుతుంటే, తల తిప్పకుండానే, "రెండో నొక్కు నొక్కలేదు నువ్వు," అనేవాడు. చివరి చుక్క నిజంగానే అందులో ఉండిపోయేది.

ఇక నలభై ఒకటి సంగతి. మా మందులకి పేర్లుండవు, నంబర్లుంటాయి. నలభై ఒకటి నా చేతికొచ్చిన మొదటి మందు. రొమ్ము కాన్సర్‌లో ఒక ప్రొటీన్‌ని పోగొట్టడానికి చేసింది. మూడు వారాలు తిప్పలు పడ్డాను. గీత కదలలేదు. టీవీ రిమోట్ పనిచెయ్యకపోతే అరచేతిలో వేసి కొట్టే రకాన్ని నేను. డోసు పెంచాను. ఇంకా పెంచాను. మందు కరగడం మానేసే దాకా పెంచాను. గీత నిక్షేపంగా ఉంది. ఒక సోమవారం ఒళ్ళు మండి, ఫోన్‌తో బ్లాట్ ఫొటో తీసి, డోసులు రాసి ఉన్న అంచు క్రాప్ చేసి, 'నలభై ఒకటి చచ్చింది' అని పక్కన ఒక పుర్రె బొమ్మ పెట్టి కంపెనీ చాట్‌లో పడేశాను. తక్కువ డోసులు కూడా చూశాకే ఆ మాట అన్నానని మా డైరెక్టర్ అనుకుంది. అనుకోవడం న్యాయమే. గురువారం మీటింగ్‌లో ఏ మందులు ఉంచాలో ఏవి తీసెయ్యాలో తేలుస్తారు. తీసేసే జాబితాలోకి నలభై ఒకటి వెళ్ళిపోయింది. ఆ మీటింగ్‌లో తీసేసింది మళ్ళీ వెనక్కి రాదు.

మంగళవారం పొద్దున తెలిసింది, ఆయన డైరెక్టర్ దగ్గరికెళ్ళి, ఆ పేజీకి సాక్షి సంతకం అవలేదు కాబట్టి అది ఇంకా రిజల్ట్ కాదన్నాడని. నా పేజీ తెరిచి చూస్తే పసుపు చీటీ. అంతలో ఆయనే వచ్చి, వాళ్ళావిడకి, అంటే ఆంటీకి, పళ్ళ డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉందనీ, తన కాళ్ళకి బ్రేకు ఆనడం లేదనీ, క్లినిక్ దాకా దింపగలవా అనీ అడిగాడు. కాదనలేకపోయాను. దారంతా పోట్లాడాను.

"నాకు ఒక్క మాట చెప్పకుండా ఆమె దగ్గరికి పోయిన్రు. నేనేమన్న చిన్నపిల్లనా?"

"నువ్వు నాకు చెప్పి పెట్టావా పుర్రెని?"

"మూడు వారాలు చూసిన. ముప్ఫై మైక్రోమోలార్ దాకా పోయిన. ఇంకెంత పోవాలె?"

"పైకి పోయావు. బావుంది. కిందికి ఎప్పుడు పోతావు?"

నేను ఏదో అనబోతుంటే, కారు సర్వీసింగ్‌కి ఇచ్చి ఎన్నాళ్ళైందని అడిగాడు. బెల్టు కీచుమంటోందనీ, ఇద్దరం ఒకేసారి అరిస్తే తనకి ఏదీ వినపడదనీ అన్నాడు.

ఏప్రిల్ నెల. క్యారీలో పైన్ చెట్ల పుప్పొడి రాలే రోజులు. క్లినిక్ పార్కింగ్‌లో కార్లన్నీ పసుపు రాసుకున్నట్టున్నాయి. ఆయన దిగి, లోపలికి వెళ్ళకుండా, నా కారు బానెట్ దగ్గర ఆగాడు. మొద్దుబారిన వేలితో ఆ పసుపులో ఒక మనిషి బొమ్మ గీశాడు, రెండు చేతులు బారజాపిన బొమ్మ.

"ఇది మన మందు. పెళ్ళిళ్ళ మధ్యవర్తి అనుకో. ఒక చేత్తో వాణ్ణి పట్టుకోవాలి, రెండో చేత్తో చీటీ అంటించేవాణ్ణి పట్టుకోవాలి. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టాలి, అప్పుడే పని. ఒక్క మధ్యవర్తి చాలు. నువ్వేం చేశావు, ఊళ్ళోకి వెయ్యిమందిని వదిలావు. పిల్ల ఇంట్లో ఒకడు కూర్చున్నాడు, పిల్లాడి ఇంట్లో ఇంకొకడు కూర్చున్నాడు. రెండిళ్ళలోనూ కాఫీలే కాఫీలు. పెళ్ళి ఎక్కడయింది?"

దీన్ని హుక్ ఎఫెక్ట్ అంటారు. నాకు తెలియని మాటేం కాదు, పరీక్షలో దాని మీద ప్రశ్న వస్తే రాశాను కూడా. పరీక్షలో తెలిసింది చేతికి తెలియలేదు, అంతే. ఆయన వేలు బానెట్ మీద ఒక గుంట గీసింది. డోసు పెరుగుతుంటే గీత దిగుతుంది, అడుగుకు చేరుతుంది, ఇంకా పెంచితే మళ్ళీ లేస్తుంది. నేను కొండ మీద నిలబడి లోయ లేదంటున్నాను. ఫోన్ తీసి దానికి ఫొటో కొట్టాను. ఫొటో మూలలో ఆయన బొటనవేలు పడింది.

లోపల ఆయనకి పొట్ట మీద సూది వేస్తుంటే, ఆ పక్క కుర్చీలో కూర్చుని ఫోన్‌లో డోసులు టైప్ చేశాను. పైనుంచి పదేసి రెట్లు తగ్గించుకుంటూ, ఆఖరికి మూడు నానోమోలార్ దాకా, అంటే పై డోసులో పదివేలో వంతు. నర్సు వచ్చి కూతురా అని అడిగింది. కాదు, సాక్షి సంతకం కోసం వచ్చిందన్నాడాయన. ఆవిడ కోర్టు కేసేదో ఉందనుకుని గొంతు తగ్గించింది.

అప్పుడే అడిగాను, ఈ నలభై ఒకటి మీ జబ్బుకి కూడా ఏమన్నా పనికొస్తుందా అని.

"రాదమ్మా. ఇది వేరేవాళ్ళది. వాళ్ళెవరో నాకు తెలీదు. తెలీనివాళ్ళ మందుని నువ్వు కోపంతో చంపకూడదు కదా."

ఇంజెక్షన్ మర్నాడు ఆయనకి ఎప్పుడూ బాగుండదు. అయినా బుధవారం వచ్చాడు. ఎత్తు స్టూలు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, నా పిపెట్ చప్పుడు వింటూ ఉన్నాడు. గురువారం పొద్దున మెషీన్‌లో పొర పెట్టి తెర వైపు చూశాం. ఎడమ నుంచి కుడికి, మందు లేనిది మొదలు డోసు పెరుగుతూ: గీత, పల్చని గీత, ఏమీ లేదు, ఏమీ లేదు, మళ్ళీ పల్చగా, మళ్ళీ నల్లగా. కింద పక్కింటివాడు అన్ని చోట్లా ఉన్నాడు. బానెట్ మీద గీసిన గుంటే. నా చెయ్యి దానంతటదే ఫోన్ వైపు వెళ్ళింది. ఆయన నా నోట్‌బుక్ నా ముందుకి జరిపాడు. మొదట పేజీ రాశాను. ఆయన మొత్తం చదివాడు, రెండు చోట్ల వేలు పెట్టి అడిగాడు, అప్పుడు పసుపు చీటీ పీకి సిరాతో సంతకం పెట్టాడు. మధ్యాహ్నం మీటింగ్‌లో నలభై ఒకటి బతికింది. చాట్‌లో నేను పెట్టిన పుర్రె కిందే ఆ కొత్త బ్లాట్ పెట్టాను, ఈసారి అంచు క్రాప్ చెయ్యకుండా.

నలభై ఒకటి ఎలుకల దాకా వెళ్ళింది. రోజూ ఇవ్వాలని ప్లాన్. ఆయనకి ఆ 'రోజూ' నచ్చలేదు. ఆకులు రంగు తిరిగే రోజుల్లో తన నోట్‌బుక్‌లో కొత్త పేజీ మొదలుపెట్టాడు. కణాలకి కొన్ని గంటలు మందు ఇచ్చి, కడిగేసి, వాడు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి. ఇరవై నాలుగు గంటలు, నలభై ఎనిమిది, డెబ్భై రెండు. ఎందుకని అడిగితే, తన వారం సంగతి చెప్పాడు. మంగళవారం సూది, బుధ గురువారాలు మంచం, శుక్రవారం కాస్త తేరుకోవడం, శని ఆదివారాలు మనిషి.

"మందు లేని రోజు ఎంత బాగుంటుందో మందు తయారుచేసేవాళ్ళకి తెలీదు. వాడు మూడు రోజులు రాకపోతే, ఆవిడెవరో మూడు రోజులు మందు మింగక్కర్లేదు. చూద్దాం."

ఇరవై నాలుగు గంటల గడి ఆయనే నింపాడు: వాడు లేడు. ఆ సాయంత్రమే జ్వరమొచ్చింది, హాస్పిటల్లో చేర్చారు. కణాలున్న మిగతా ప్లేట్లు వాటి గంటలకి నన్ను తియ్యమన్నాడు. మర్నాడు మధ్యాహ్నం, నేను మీటింగ్‌లో ఉండగా ఫోన్ మీద మెసేజ్ వచ్చింది. నలభై ఎనిమిది తీశావా, అని.

'తీశా' అని కొట్టాను. మీటింగ్ అవగానే తీద్దామనే కొట్టాను. మీటింగ్ సాగింది, దాని వెనక ఇంకోటి వచ్చింది, ఎవరితోనో వాదన పడింది, కారెక్కి ఇంటికెళ్ళిపోయాను. మర్నాడు పొద్దున, కణాల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తెరిచినప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి ఇరవై గంటలు దాటింది. ఆ ప్లేటు ఇక దేనికీ సాక్ష్యం కాదు. నా మీద నాకే వచ్చిన కోపంలో, ఇంకా టైముండగానే డెబ్భై రెండు గంటల ప్లేటు కూడా బ్లీచ్‌లో ముంచేశాను. ఈలోగా ఇంకో మెసేజ్: వాడు తిరిగొచ్చాడా?

రేపు బ్లాట్ వేస్తానని రాశాను. గుడ్, అన్నాడు.

వెళ్ళి చెప్దామనే అనుకున్నాను. ఇవాళ కాదు రేపు, కాస్త తగ్గాక. తగ్గలేదు. న్యుమోనియా, వారం రోజులు. ఆంటీ ఫోన్ చేసి చెప్పినప్పుడు నా చేతిలో ఆ చాటే తెరిచి ఉంది. అన్నిటికన్నా కింద ఆ 'గుడ్'.

అందుకే గీత కొట్టలేదు. పసుపు చీటీ అంటించిన రోజే డైరెక్టర్ దగ్గరికెళ్ళి జరిగిందంతా చెప్పాను, 'తీశా' అన్న అబద్ధంతో సహా. ఎలుకలకి రోజూ ఇవ్వాలా, రోజు విడిచి ఇవ్వాలా అన్నది ఈ శుక్రవారమే తేలుస్తారు, ఆలోగా ఆ రెండు గళ్ళ పని మళ్ళీ చెయ్యడానికి నాకు తొమ్మిది రోజులు కావాలన్నాను. ఆవిడ సరేనంది.

కణాల్ని కొత్తగా పెంచాను. మందు పెట్టాను, కడిగాను. ప్రతి ప్లేటు టైముకీ అలారం పెట్టాను, అలారం మోగకముందే ఇంక్యుబేటర్ ముందు నిలబడ్డాను. ఫోన్ డ్రాయర్‌లో పడేసి పిపెట్ చప్పుడు విన్నాను. ఒకసారి రెండో నొక్కు పడలేదు. ఆ ట్యూబు పారేసి మళ్ళీ మొదట్నించి పోశాను.

ఇవాళ గురువారం. పొద్దున బ్లాట్ తీశాను. ఇరవై నాలుగు గంటలకి వాడు లేడు. నలభై ఎనిమిదికి లేడు. డెబ్భై రెండుకి, కళ్ళు చికిలించి చూస్తే, చాలా పల్చగా, వస్తున్నాడు. పక్కింటివాడు అన్ని చోట్లా ఉన్నాడు. రెండు రోజులు గట్టిగా చెప్పగలను. మూడోది చెప్పలేను. ప్లేటులో ఉన్న కణాల సంగతే ఇది, మనుషుల సంగతి తేలడానికి ఇంకా చాలా ఉంది. ఈ మాటలన్నీ ఇలాగే నా పేజీలో రాశాను.

ఇంకొకరి పేజీలో గళ్ళు మనం నింపకూడదు. అందుకని ఆయన పేజీలో ఆ రెండు గళ్ళకీ గీత కొట్టి, ప్లేట్లు నా వల్ల పోయాయనీ, మళ్ళీ చేసిన పని నా నోట్‌బుక్‌లో ఫలానా పేజీలో ఉందనీ పక్కన రాశాను. ఆ పేజీ మొత్తం పైనుంచి కిందిదాకా ఇంకోసారి చదివాను. పసుపు చీటీ పీకాను. 'చదివాను, అర్థమైంది' పక్కన సిరాతో సంతకం పెట్టాను.

తర్వాత నా నోట్‌బుక్ పట్టుకుని డైరెక్టర్ గదికి వెళ్ళాను. నా పేజీలకి ఇప్పుడు సాక్షి లేడు, ఎవరో ఒకరు కావాలి. ఆవిడ స్క్రీన్ మీంచి కళ్ళు తీయకుండానే, రిజల్ట్ బాగుందని విన్నానంటూ పెన్ను మూత తీసి, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగింది.

నేను పేజీ మీద అరచెయ్యి పెట్టాను.

"ముందు చదవండి," అన్నాను.